రాక్షస మెట్టు: టీకా తాత్పర్యం

ఆ.వె. గుంటురోడనంచు కోరెను రాక్షస
మెట్టు, మొదటి గుక్క మింగగానె
నీళ్ళు! నీళ్ళటంచు నిలువెల్ల చెమరించె;
తోడివారు నవ్వ తుడిచె కళ్ళు.

అవతారిక: టోక్యోలో కాందా పేట, శుక్రవారం రాత్రి. ఆఫీసు వదిలిన నలుగురు తెలుగు కుర్రాళ్లు ఓ కారపు మిసో రామెన్ కొట్టు ముందు వరుసలో నిలబడి, టిక్కెట్ల మిషనులో డబ్బులు వేసి, చీటీలు వంటవాడి చేతికిచ్చారు. అక్కడ కారానికి మెట్లుంటాయి. తిమ్మిరికి వేరే మెట్లు. మన నాయకుడు రెండిట్లోనూ పైమెట్టే అడిగాడు.

ప్రతిపదార్థం: గుంటురోడను అంచు = నేను గుంటూరువాణ్ణని చెప్పుకుంటూ (సొంతూరు తెనాలి; జిల్లా లెక్కన చెల్లుతుంది); రాక్షస మెట్టు = 'ఒని' (జపానువారి రాక్షసుడు) అని రాసివున్న పైస్థాయిని; కోరెను = అడిగెను, ఎవరూ బలవంతపెట్టలేదని భావం; మొదటి గుక్క = చారు మాత్రమే, నూడుల్సు దాకా ఇంకా పోలేదు; తోడివారు = కింది మెట్లు అడిగిన బుద్ధిమంతులు.

తాత్పర్యం: స్పష్టమే.

విశేషాలు: 'గుంటురోడ' అన్నచోట దీర్ఘం గణాల కోసం కుంగింది. ఊరిపేరే కుదించుకున్నవాడి గొప్ప ఎంతసేపు నిలుస్తుందో కవి ముందే సూచించాడు. 'రాక్షస మెట్టు' వైరిసమాసమని పండితులు ఆక్షేపిస్తారు. ఆ రాత్రి గిన్నెకూ నోటికీ నడిచిన వ్యవహారం చూసినవారు ఆక్షేపించరు.

పూర్వపక్షం: ఊరగాయతో పెరిగిన నాలుక జపాను చారుకు బెదరడమేమిటి? సమాధానం: గుంటూరు ధైర్యం మిరపకాయలో లేదు, దాని వెంట వచ్చే నేతిలోనూ పెరుగులోనూ ఉంది. కారం పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలోని కేసీన్ దాన్ని పట్టుకుని నాలుక మీంచి లాక్కుపోతుంది. పైగా నోట్లో మంటను కనిపెట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఇటు క్యాప్సైసిన్‌కీ, అటు 43 డిగ్రీలు దాటిన వేడికీ కూడా మేలుకుంటుంది. పచ్చడన్నం ఎంత వేడిగా వడ్డించినా చేత్తో కలిపేసరికి కాస్త చల్లారుతుంది. రామెన్ పొగలతోనే వస్తుంది, పైన తేలే ఎర్రనూనె నోరంతా పూత పూస్తుంది, ఆదుకోవడానికి పెరుగు గిన్నె ఉండదు. అంచేత నీళ్ళడగడం శాస్త్రవిరుద్ధం. నాయకుడు కెమికల్ ఇంజనీరు.

తిమ్మిరి ఊసు పద్యంలో లేకపోవడం లోపమే. అది మిరప పని కాదు, సిచువాన్ మిరియం పని. అందులోని సాన్షూల్ పెదవులకు సెకనుకు దాదాపు 50 కంపనాల భ్రమ కలిగిస్తుందని లండన్ శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించారు. మన తూర్పు కనుమల రచ్చమాను ఆ వంశపు చెట్టే, కాబట్టి పరాయి సరుకని తప్పించుకోవడానికీ వీల్లేదు.

నూడుల్సు చప్పుడు చేస్తూ జుర్రడం అక్కడ తప్పు కాదు. మనవాడు జుర్రాడు, ఎర్రనూనె గొంతుకెక్కి పొలమారింది. "ఊళ్లో ఎవరో తలుచుకుంటున్నార్రా" అని నెత్తిన తట్టారు.

అలంకారం అతిశయోక్తి అనుకునేరు. స్వభావోక్తి.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో 'తుడిచె కళ్ళు'కు ముందు, గిన్నె అంచున ఒలికిన నూనెను కాగితపు రుమాలుతో తుడిచినట్టుంది. కళ్ళకూ ఆ రుమాలే వాడి ఉంటే ఇక్కడ ఇంకో పద్యం ఉండాలి, దొరకలేదు.