ఏకగ్రీవంగా పారిన నీళ్లు

కాలువ రైతుదేనని తేలిపోయి పాతికేళ్లు దాటింది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏకంగా చట్టమే చేసి, ఆ ఏడాదే పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టింది. ప్రపంచ బ్యాంకు మెచ్చుకుని అప్పూ ఇచ్చింది. దూరం నుంచి చూసేవాళ్లకు కాలువ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది లెండి.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ ఎన్నికలొచ్చాయి. చాలాచోట్ల ఏకగ్రీవం! బోదె దగ్గర పారలెత్తి పోట్లాడుకునే ఎగువ రైతూ దిగువ రైతూ అధ్యక్షుడి దగ్గరికొచ్చేసరికి ఒక్కమాట మీదికి రావడం మామూలు విషయమా? ఆ పేరు ముందురోజే ఎమ్మెల్యేగారింట్లో ఖరారైందని గిట్టనివాళ్లంటారు. అయితే ఏం, చేతులెత్తే శ్రమ తప్పిందిగా.

అసలు చమత్కారం సభ్యుల జాబితాలో ఉంది. కౌలురైతును చట్టం కాదనలేదు పాపం. రికార్డులో పేరుంటే రమ్మంది. డెల్టాలో కౌలేమో నోటిమాట మీద నడుస్తుంది. కాగితం అడిగినవాడికి మరుసటేడు పొలమే ఉండదు. కాబట్టి అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కాపలా కాసేవాడు నీటి వినియోగదారుడు కాడు. హైదరాబాదులో కుళాయి తిప్పుకునే భూయజమాని వినియోగదారుడు. పట్టా తన పేరునుంటే డల్లాసులో ఉన్న అబ్బాయీ వినియోగదారుడే. అక్కణ్నుంచి ఎత్తిన చెయ్యి ఇక్కడి సభలో ఆనదు, అంతే తేడా. నాట్లేసే ఆడవాళ్లా? ముందు పట్టా చూపించమనండి.

పనుల దగ్గర మాత్రం భాగస్వామ్యం ఉరకలెత్తుతుంది. కాలువలు కట్టేసిన వేసవిలో తీయాల్సిన పూడికకు, సరిగ్గా నీళ్లొదిలే ముందు మంజూరొస్తుంది. పొక్లెయిను ఒక పూట గర్జిస్తుంది. గుర్రపుడెక్క గట్టెక్కి, తొలివానకు తిరిగి దిగుతుంది. ఈలోగా నీళ్లొచ్చి కొలతలన్నీ మునిగిపోతాయి, పని లెక్కలు రాసే ఎం బుక్కులో తేలతాయి.

మరి శివారు భూములకు నీళ్లందకపోతే? పూర్వం లస్కరునో ఇంజనీరునో తిట్టుకుని మనసు తేలిక చేసుకునేవాళ్లం. ఇప్పుడు ఏఈగారు మర్యాదగా "మీ కాలువ, మీ సంఘం, మీరే చూసుకోవాలి కదండీ" అంటారు. అధ్యక్షులవారు "నిధులేవండీ" అని ఏఈగారి వైపే చూస్తారు. ఆ సంభాషణలో దూరడానికి కౌలురైతుకు అర్హత లేదు, సభ్యుడు కాడు కదా. పైరు మాడిపోతోందని అతనే వెళ్లి రాత్రిపూట షట్టరు ఎత్తుకున్నాడనుకోండి, అనుమతి లేకుండా తూము ముట్టుకున్నవాడికి అదే చట్టంలో శిక్షుంది. ఆ సెక్షనుకు సభ్యత్వం అక్కర్లేదు.