కంపకోత పద్యం: టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక

మన కావ్యాల్లో అడవిని వర్ణించినవాళ్లు కోకొల్లలు, అడవి కొట్టించిన లెక్క రాసినవాళ్లు మాత్రం తక్కువ. ఖాండవవనం ఖాళీ చేయించడానికి అగ్నిదేవుడి ఆకలీ, కృష్ణార్జునుల కాపలా రెండూ కావలసి వచ్చాయని భారతం చెబుతుంది. ఎకరం తుమ్మకంప కొట్టించడానికి బండికి గంటకెంత ఇవ్వాలో ఏ ఆలంకారికుడూ చెప్పలేదు. వికారాబాద్, తాండూరు ప్రాంతాల రైతులకూ, ఫామ్‌హౌస్ యజమానులకూ, బండి ఆపరేటర్లకూ పనికొచ్చేలా ఆ లోటు పూడ్చాలని ఈ ప్రయత్నం. వ్యాఖ్యానించడానికి మూలగ్రంథం ఎక్కడా దొరక్కపోవడంతో వ్యాఖ్యాతే ఒక ఆటవెలది కట్టి, తానే దానికి టీక రాసుకోవలసి వచ్చింది. కవి హృదయం తెలుసుకోవడంలో మాత్రం ఈసారి ఏ ఇబ్బందీ రాలేదు.

మూలం

ఆ. చమురు ధార జూచి చక్కగా ముందుగా
కట్టరెంచుకొనుము కంప కోయ;
తీగె రాయి మోడు తిరిగి చూడక మున్ను
తాకనీకు కత్తి తాండురందు.

ప్రతిపదార్థం

చమురు ధార = బండి పంపు నిమిషానికి ఇచ్చే హైడ్రాలిక్ ఆయిల్‌ను; ముందుగా = కట్టర్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే; చక్కగా = ఆపరేటర్ నోటిమాటలో కాక మాన్యువల్లో; చూచి = చూసుకుని; కంప కోయ = సర్కారు తుమ్మ, లంటానా, ముదురు గడ్డి వగైరాలను తెగ్గొట్టడానికి; కట్టరు = స్కిడ్ స్టీర్ ముందు చేతులకు తగిలించే రోటరీ బ్రష్‌కట్టర్‌ను; ఎంచుకొనుము = ఎంచుకో; తీగె = పాత కంచె ముళ్లతీగెను; రాయి = నాపరాతి పలకను, విరిగిన కడీని, సర్వేవాళ్లు పాతిన హద్దురాయిని; మోడు = నిరుడు కొట్టి వదిలేసిన తుమ్మ మొద్దును; తిరిగి = కాలినడకన తిరిగి; చూడక మున్ను = చూడకముందు; తాండురందు = తాండూరులో; కత్తి = బ్లేడును; తాకనీకు = నేలకు తగలనివ్వకు.

తాత్పర్యం

బండిలో ఎంత ఆయిల్ పారుతుందో చూసి దానికి తగిన కట్టర్ తెచ్చుకోవాలి. కంప కింద ఏం దాగి ఉందో చూశాకే దాన్ని తిప్పాలి.

విశేషాలు

ముందు ఈ స్కిడ్ స్టీర్ బండి వంశం. కవులకు వంశవర్ణన తప్పనిసరి కదా. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం రోత్‌సే ఊళ్లో కెల్లర్ సోదరులు, ఒక టర్కీ కోళ్ల రైతు తన కొట్టంలో పేడ ఎత్తడానికి ఇరుకు సందుల్లో తిరిగే బండి కావాలంటే, మూడు చక్రాల చిన్న లోడర్ తయారుచేసి ఇచ్చారు. మెల్‌రో కంపెనీ దాన్ని అందిపుచ్చుకుంది. 1960లో నాలుగు చక్రాల ఎం-400 వచ్చింది, 1962లో బాబ్‌క్యాట్ అన్న పేరు వచ్చింది. ఈ బండికి చక్రాలు పక్కకు తిరగవు. ఒక పక్క చక్రాలు ఆగి రెండో పక్కవి పరిగెత్తితే బండి జారుతూ మలుపు తిరుగుతుంది. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ చెత్త, మట్టి ఎత్తడానికి తిప్పే చిన్న బండి ఇదే. ఏ కంపెనీది వచ్చినా మనవాళ్లకు అది బాబ్‌క్యాటే. పేడ ఎత్తడానికి పుట్టిన బండి బకెట్ విప్పి కట్టర్ తగిలించుకుంటే కంప కొడుతుంది, ఆగర్ తగిలించుకుంటే గుంత తీస్తుంది.

“చమురు ధార”: పద్యానికి ప్రాణం ఈ మాట. కొనేవాళ్లు ముందు అడిగేది వెడల్పు. ఐదడుగులదా, ఆరడుగులదా? ఆరడుగులదైతే పని తొందరగా అయిపోతుందని ఆశ. కట్టర్‌ను తిప్పేది ఇంజిన్ గుర్రాలు నేరుగా కాదు, పంపు నుంచి గొట్టాల ద్వారా వచ్చే ఆయిల్. మామూలు బండ్లలో అది నిమిషానికి 60 నుంచి 90 లీటర్ల దాకా ఉంటుంది. హైఫ్లో బండ్లలో 110 నుంచి 150 దాకా పోతుంది. అమెరికా బ్రోచర్లలో గ్యాలన్లలో ఉంటే 3.785తో గుణించుకోవాలి. కట్టర్ మోటారు ఒక చుట్టుకు 80 సీసీ ఆయిల్ తాగేదైతే, 75 లీటర్లకు అది సుమారు 930 చుట్లు తిరుగుతుంది. అదే మోటారుకు 60 లీటర్లే అందితే 750 చుట్లకు పడిపోతుంది. అప్పుడు బ్లేడు కంపను కోయదు, చితకబాదుతుంది. చీరుకుపోయిన తుమ్మ బరిక నిలబడే ఉంటుంది. 100 లీటర్లు పంపితే 1250 చుట్లకు ఎగబాకి, మోటారూ బేరింగులూ తమకు రాసిపెట్టిన ఆయుష్షు కంటే ముందే పోతాయి.

బలం లెక్క కూడా చిన్నదే. లీటర్లను బార్లలోని ఒత్తిడితో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 75 లీటర్లు, 210 బార్లు అయితే 26 కిలోవాట్లు, అంటే 35 గుర్రాలు. 70 గుర్రాల ఇంజిన్ ఉందని మురిసిన యజమానికి కట్టర్ దగ్గర దొరికేది అందులో సగమే. ఆరడుగుల కట్టర్‌ను ఈ సగంతో ముదురు కంపలోకి తోస్తే రిలీఫ్ వాల్వు కీచుమంటుంది, ఆయిల్ కాగుతుంది, గంట మీటరు మాత్రం యథాప్రకారం తిరుగుతుంది.

“కట్టరెంచుకొనుము”: వెడల్పు తర్వాత చూడాల్సింది బరువు. ఇలాంటి కట్టర్ అర టన్నుకు అటూ ఇటూ ఉంటుంది. చక్రాల బండికి కంపెనీ రాసే మోత సామర్థ్యం, అది ముందుకు బోర్లాపడే బరువులో సగం. ఆ అంకెకు లోబడే కట్టర్ ఉండాలి. మూడోది, మోటారు నేరుగా బ్లేడు పళ్లేన్ని మోస్తుందా, మధ్యలో గేరుపెట్టె ఉందా అన్నది. నేరుగా మోసేదైతే రాయి తగిలిన దెబ్బ మోటారు షాఫ్టుకే పోతుంది. రాతి నేలకు గేరుపెట్టె ఉన్నదే మేలు. బ్లేడ్లు పళ్లేనికి బిగించి ఉండవు, బోల్టుకు వేలాడుతూ ఉంటాయి. గట్టిది తగిలితే వెనక్కి మడతపడి తప్పుకుంటాయి. వాటికి కొడవలి పదును అక్కర్లేదు. మొద్దు అంచుతో, వేగంతో విరగ్గొట్టడమే వాటి ధర్మం. మామూలు కట్టర్లు మూడంగుళాల లావు దాకా కొడతామని చెప్పుకుంటాయి. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ వచ్చే దారిలో ఉన్న మర్రిచెట్ల తగవు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అవి ఈ పద్యం పరిధిలోకి రావు. పొలంలోని చెట్టయినా సరే, కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం ఒకసారి గుర్తు చేసుకోవాలి.

“కంప”: ఇక్కడ కవి ఏకవచనం వాడినా నేల మీద ఉన్నది బహువచనమే. సర్కారు తుమ్మ 1870ల దశకంలో కడప జిల్లా కమలాపురం ప్రాంతానికి విత్తనంగా వచ్చి, వంటచెరకు పేరుతో ఊరూరా పాకింది. దాన్ని పైన నరికితే నేల మట్టం నుంచి నాలుగైదు పిలకలు లేస్తాయి. నిరుడు ఒక్క మానుగా ఉన్నది ఈ ఏడు పొదగా ఎదురొస్తుంది. అనంతగిరి వైపు లంటానా కూడా అంతే మొండిది. వయ్యారిభామ లేతగా ఉన్నప్పుడు కొడితే సరి. పూత పట్టాక కొడితే బండే విత్తనాలు చల్లినట్టు, ఆ దుమ్ము మీదపడ్డ హెల్పర్‌కు ఒళ్లంతా దురద. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది కోశాక మిగిలే కొయ్యలకు మాత్రం గుర్తింపు ఎప్పటినుంచో ఉంది. చెప్పు దాటి అరికాలికి తగిలేవి అవే.

పూర్వపక్షం: “జేసీబీ ఉండంగ ఈ కొత్త బండెందుకే? ఒక్క పూటల పీకి అవతల పారేస్తది.” ఈ ఆక్షేపం బలమైనదే. సిద్ధాంతం ఏమిటంటే, రెండూ వేర్వేరు పనులు. జేసీబీ బకెట్ తుమ్మను వేరుతో పెకలిస్తుంది, దాంతోపాటు పైమట్టినీ లేపి గుంతలు మిగులుస్తుంది. వేరు పోవాలంటే అదే దారి. కట్టర్ నేలను కదపకుండా పైన ఉన్నదాన్ని తురిమి అక్కడే పరుస్తుంది. బాట పక్కలు, కంచె వెంబడి, మామిడితోట సాళ్లు, ఏటేటా చదును చేయాల్సిన చోట్లకు ఇది తగినది. ఇక భుజాన తగిలించుకునే పెట్రోలు బ్రష్‌కట్టర్ చాలదా అంటే, గడ్డికీ గట్టుకీ చాలు. బొటనవేలి లావు దాటిన తుమ్మ దగ్గర మోసేవాడి భుజం ముందు అలుస్తుంది.

“రాయి”: తాండూరు నేల కింద భీమా బేసిన్ సున్నపురాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉంది. నీలం, పసుపు ఛాయల ఆ పలకలే దేశమంతా ఇళ్లలో తాండూరు బండలుగా వెలిశాయి. క్వారీల చుట్టుపక్కల విరిగిన పలకలు కంపలో కలిసిపోయి ఉంటాయి. పొలం కంచెకు పాతిన రాతి కడీలు ఒరిగి గడ్డిలో పడి ఉంటాయి. ఐదడుగుల కట్టర్ 900 చుట్లు తిరిగితే బ్లేడు కొస వేగం గంటకు 260 కిలోమీటర్లు. ఆ కొసకు అరచేతంత పలక ముక్క తగిలితే అది ఎటు ఎగురుతుందో లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే మాన్యువళ్లు చుట్టూ 90 మీటర్ల లోపు మనిషిని రానివ్వొద్దంటాయి. ముందు పాలీకార్బొనేట్ తలుపు ఉండాలంటాయి. మన దగ్గర తిరిగే బండ్లలో చాలావాటికి ఆ తలుపే ఉండదు. ఎండలో ఆపరేటర్‌కు గాలి ఆడుతుంది, రాయికీ దారి దొరుకుతుంది.

రాతి నేలలో ఒక చిక్కుంది. బ్లేడు కిందికి దించితే రాయి తగులుతుంది, నిప్పురవ్వ లేస్తుంది. వేసవిలో ఎండుగడ్డి అంటుకోవడానికి ఆ రవ్వ చాలు. జానెడు ఎత్తున నడిపితే తుమ్మ మోడు శూలంలా నిలబడి, వెనకాలే వచ్చే టైరులో దిగుతుంది. గాలి టైర్లతో ఈ పనికి దిగినవాళ్లు పంక్చర్ షాపు నంబరు దగ్గర పెట్టుకోవాలి. గట్టి రబ్బరు టైర్లు వేసుకుంటే కుదుపు ఎక్కువైనా పని ఆగదు. మరో మార్గం రెండు విడతల పని. మొదటిరోజు జానెడు ఎత్తున కట్టర్‌తో కొట్టి, నేల కనబడ్డాక కట్టర్ విప్పి బకెట్ తగిలించి మొద్దులు పెకలించడం. పిలకల బెడదా దీంతోనే తగ్గుతుంది.

కట్టర్ తగిలించడంలోనూ ఒక సూక్ష్మం ఉంది. చాలా కట్టర్లకు మూడు గొట్టాలు ఉంటాయి: ఆయిల్ పోయేది, తిరిగొచ్చేది, సన్నటి కేస్ డ్రెయిన్. ఈ మూడోదాన్ని చిన్నదని వదిలేస్తే మోటారు లోపల ఒత్తిడి పెరిగి షాఫ్టు సీలు తన్నుకొస్తుంది. పొద్దున నీడలో సులువుగా అతికిన కప్లింగ్ మధ్యాహ్నం ఎండలో ససేమిరా అంటుంది. గొట్టంలో బిగిసిన ఆయిల్ వేడికి వ్యాకోచించి లోపలి నుంచి తోస్తుంది. అప్పుడు సుత్తి ఎత్తకూడదు. మాన్యువల్ చెప్పిన క్రమంలో ఆ ఒత్తిడి దించి, కప్లింగ్ ముఖాన్ని శుభ్రమైన గుడ్డతో తుడిచి అతికించాలి. తాండూరు పాలిష్ యూనిట్ల దగ్గర గాల్లో తేలే రాతిపొడి ఒక చిటికెడు లోపలికి పోయినా పంపును లోలోపల అరగదీస్తుంది. గొట్టంలో సన్నటి చిల్లు ఉందేమోనని చేత్తో తడమడం అన్నిటికన్నా ప్రమాదం. కంటికి కనబడని ఆ ధార చర్మం కోసుకుని లోపలికి దిగుతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

పద్యంలో చోటు దొరకని వికారాబాద్‌కు వ్యాఖ్యలో ఒక పేరా ఇవ్వడం న్యాయం. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల్లో నేల ఎర్రటి మొరం, వాలు ఎక్కువ. అక్కడ రిజర్వు ఫారెస్టులోకి అటవీశాఖ అనుమతి లేకుండా బండి పోకూడదు. గుట్ట కింద పట్టాభూముల్లో పోవచ్చు కానీ, వాలుకు అడ్డంగా నడపకూడదు. నిలువుగా ఎక్కి దిగాలి, బండిలో బరువైన వైపు ఎప్పుడూ ఎత్తు పక్కకే ఉండాలి. నల్లరేగడిలోనైతే వాన పడ్డ వారం దాకా ఆగడమే మంచిది. జారుతూ మలుపు తిరిగే బండి తడి రేగడిలో తన గుంత తానే తవ్వుకుంటుంది. తురిమిన గడ్డి నూగు రేడియేటర్ జాలీకి దట్టంగా పట్టుకుంటుంది కాబట్టి టీ తాగే ప్రతి విరామంలో ఇంజిన్ ఆపి దాన్ని దులపాలి. కట్టర్ స్విచ్చి కట్టినా బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగితేనే ఆపరేటర్ కిందికి దిగాలి.

పాఠాంతరం: అద్దెకిచ్చేవాళ్ల ప్రతిలో రెండో పాదం మొదట ఉంటుంది, మొదటి పాదం బిల్లు చెల్లించాక వస్తుంది. మూడో పాదం కొన్ని ప్రతుల్లో లుప్తం. దానికి కారణం లేఖకదోషం కాదు, ఒప్పందమే. గంటల లెక్కన మాట్లాడుకుంటే పొలం నడిచి చూసే సమయం తన మీద పడుతుందని పొలం యజమాని తొందరపెడతాడు. ఎకరాల లెక్కన మాట్లాడుకుంటే నడిచే ఆ పూటలో ఇంకో ఎకరం కొట్టొచ్చని ఆపరేటర్ తొందరపడతాడు. రెండు పద్ధతుల్లోనూ నడక ఎగిరిపోతుంది. బండి దిగే ముందురోజే హెల్పర్‌ను పొలం తిప్పి, బోరు కేసింగుకూ హద్దురాళ్లకూ ఎర్రగుడ్డలు కట్టించి, ఆ పూట కూలి విడిగా రాసుకుంటే పేచీ ఉండదు. బ్లేడు విరిగితే ఎవరి ఖాతా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. ఒకటే మారిస్తే బరువు తేడా వచ్చి పళ్లెం వణుకుతుంది కనుక బ్లేడ్లు జతగానే మార్చాలి. లెక్క కూడా సులువే: రెండు బ్లేడ్లు, ఇద్దరు మనుషులు.