పంచకీల ప్రకరణం

శాస్త్రమన్నాక అధికారి ఎవరో ముందు తేలాలి. తాత వాడిన టేప్ రికార్డరును అటక మీంచి దింపి, దుమ్ము దులిపి, మళ్లీ పాడించాలని తహతహలాడేవాడే ఈ శాస్త్రానికి అధికారి. కొత్తది కొనగలిగీ కొననివాడు ఉత్తమాధికారి. మక్కలమ్మిన డబ్బు ఇంకా జేబులోనే ఉండగా రిపేరు దుకాణం ముందు నిలబడి "అన్నా, ఇది పాడుతదా?" అని అడిగే కేసముద్రం వాసి రెండో కోవలోకి వస్తాడు.

ఇక విషయం. యంత్రం వెనక ఒక గుండ్రటి సాకెట్టు, అందులో అర్ధచంద్రాకారంలో ఐదు కన్నాలు. దానికి తగిన పిన్ను చుట్టూ 13.2 మిల్లీమీటర్ల వ్యాసంతో లోహపు ప్రాకారం. జర్మనీ ప్రమాణాల సంస్థ పుట్టించింది గనక 'డిన్' గోత్రం. ఏవీ పిన్నుదీ, ఈపీ పిన్నుదీ, మైకు సెట్ల పీ-38 జాక్‌దీ వేరే గోత్రాలు. వాటికిక్కడ ప్రవేశం లేదు.

ఆ ఐదింటి సంఖ్యలు వరసగా చదివితే 1, 4, 2, 5, 3. జర్మన్లకు లెక్కలు రావా అని పూర్వపక్షం. వచ్చు. మోనో కాలంలో ఉన్నవి మూడే. స్టీరియో వచ్చాక ఇద్దరు కొత్త కోడళ్లను పాతవాళ్ల సందుల్లో కూచోబెట్టి, సంఖ్య మాత్రం కాపురానికొచ్చిన వరసలో ఇచ్చారు. నడిమి 2 ఎర్తు. టేప్ రికార్డరుకు 1, 4 లోపలికి పోయే ధ్వనికి. 3, 5 బయటికొచ్చే ధ్వనికి. ఒక్క పిన్నులోనే రాకా పోకా! దీనికి 'ఏకద్వార ద్విగమనం' అని నేనే పేరు పెట్టాను, ఇంకెవరికీ తీరిక లేక.

రోగమేమిటంటే, సాకెట్టు నిక్షేపంగా ఉంటుంది, పిన్నే దొరకదు. చికిత్సలో రెండు మతాలు. ఛేదవాదులు "ఎందుకన్నా లొల్లి, సాకెట్ కోసేసి ఏవీ పిన్నులు పెడత" అంటారు. తోకవాదులు పెట్టెను ముట్టరు. ఒక కొసన డిన్, ఇంకో కొసన ఏవీ పిన్నులు ఉన్న తీగ కడతారు. నేను తోకవాదిని. ప్రమాణం ఊరి పక్కనే ఉంది. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య పట్టాల కింది కట్ట వరదకు కొట్టుకుపోతే, రైల్వేవాళ్లు తెగినచోటనే కలిపారు తప్ప రైలు పెట్టెలకు చిల్లులు పొడవలేదు.

పిన్ను ఎక్కడిది? 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డు తోకకు అచ్చంగా ఇదే. పాతసామాన్ల కుప్పలో వెతకాలి. 1983 నాటి మిడి వాద్యాలదీ ఇదే, కాని జాగ్రత్త: చాలా మిడి తీగల్లో 4, 5, 2కే లోపల వైరు ఉంటుంది, 1, 3 ఉత్త అలంకారం. దాంతో కలిపితే కుడి చెవే పలుకుతుంది. సోల్డర్ పెట్టేటప్పుడు ప్లాస్టిక్ కరిగి ఐదు పిన్నులూ ఐదు దిక్కులు చూస్తాయి గనక, ముందు ఏదైనా చచ్చిన సెట్టు సాకెట్లో గుచ్చి, తర్వాతే వేడి తగిలించాలి.

అంతా సరిగ్గా కట్టి ఫోనులోని పాట రికార్డు చేస్తే గొంతు చిరిగిందా? "హెడ్డు పోయింది" అంటారు. పోలేదు. డిన్ రికార్డింగ్ కన్నం కొద్ది మిల్లీవోల్టులు తాగి బతికిన ప్రాణి; ఫోను వందల మిల్లీవోల్టులు పోస్తుంది. 1, 4 వైర్లకు చెరో 470 కిలోఓమ్ రెసిస్టర్ తగిలిస్తే శాంతిస్తుంది. చాయ్ డబ్బులకు గుప్పెడొస్తాయి. హెడ్డు మార్చాలన్న సలహా ఎందుకంత త్వరగా పుడుతుందో ఈ ధరలోనే తెలుస్తోంది.

ఫలశ్రుతి. పై విధంగా కట్టినవాడికి రెండు చెవులూ సమానంగా పలుకును. 1ని, 3ని తారుమారు చేసినవాడికి ఎడమ చెవి పలకదు. 2ను మరిచినవాడికి పాట బదులు కరెంటే 50 హెర్ట్జ్‌లో గుర్రుమనును. డ్రిల్లు పట్టినవాడికి ఇనుప రజను సర్క్యూట్ మీద రాలి, వచ్చే జన్మదాకా ఆగనక్కర లేకుండా ఫలితం అక్కడికక్కడే దక్కును.