చెరువులో వదిలిన పుణ్యం

కంటి వెనక ఎర్రచార ఉంది కాబట్టి నన్ను ఎర్రచెవి తాబేలంటారు. మా పూర్వీకులది మిసిసిపీ నదీలోయ. నా మకాం మాత్రం మలేసియాలోని పెనాంగ్ ద్వీపం, కెక్ లోక్ సి గుడి చెరువు.

నాలుగంగుళాల లోపు తాబేలు పిల్లల వల్ల చిన్నపిల్లలకు సాల్మొనెల్లా జబ్బు సోకుతోందని 1975లో అమెరికా వాటిని పెంపకానికి అమ్మడం నిషేధించింది. పరాయి దేశాలకు ఎగుమతి చేయడానికి మాత్రం అడ్డు లేదు! అలా రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దగా ఉన్నప్పుడే నేను ఓ దుకాణానికి చేరాను. "ఇది ఇంతకన్నా పెరగదండీ" అని చెప్పి దుకాణదారు అమ్మేశాడు. ఇంటికి ఆయుష్షు, అదృష్టం అని ఓ ఇంటివాళ్లు కొన్నారు. నేను పెరిగాను. తొట్టి ఇరుకైంది, నీళ్లు కంపు కొట్టాయి. మొదట్లో నాకోసం కొట్టుకున్న పిల్లలు తర్వాత నీళ్లు మార్చే వంతు కోసం కొట్టుకున్నారు. చివరికి వంతులూ పోయాయి.

ఓ ఆదివారం నన్ను సంచిలో వేసుకుని, అంగళ్ల మధ్య మెట్లెక్కి వచ్చి, అగరొత్తులు వెలిగించి ఇక్కడ వదిలారు. కత్తికి బలి కాబోయే ప్రాణిని విడిపిస్తే పుణ్యమని బౌద్ధుల నమ్మకం. నా మెడ మీద ఏ కత్తీ లేదే! ప్లాస్టిక్ తొట్టిలోంచి తీసి సిమెంటు తొట్టిలో వేశారు, అంతే. పైగా ప్రపంచంలోని వంద అతి చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో మా పేరు ఎక్కించారు. నేనేమైనా టికెట్టు కొనుక్కుని వచ్చానా?

1890లలో మొదలైన గుడి ఇది. 1930లో పూర్తయిన పగోడాకు అడుగు చైనాది, నడుము థాయ్‌లాండ్‌ది, శిఖరం బర్మాది. కొండమీద ముప్పై మీటర్ల కంచు గువాన్‌యిన్, కరుణామూర్తి. గైడ్లు చెప్పగా చెప్పగా కంఠతా వచ్చాయి గానీ, ఇందులో ఒక్కటీ నేను చూడలేదు. చెరువు గోడ ఎత్తు.

సెలవులకొచ్చినవాళ్లు తూటికూర కట్టలు కొని విసురుతారు. ఒకదాని మీద ఒకటి ఎక్కి తింటాం. ఆ మధ్య ఓ తెలుగావిడ "మన శ్రీకూర్మం గుడిలో కూడా తాబేళ్లుంటాయిరా, దండం పెట్టుకో" అని కొడుకుతో అంది. వాడు దండం పెట్టి, "అమ్మా, ఒకటి కొనవే" అన్నాడు.

తల్లీ, ముప్పై ఏళ్లు నీళ్లు మార్చే ఓపిక ఉంటేనే కొను. లేకపోతే తూటికూర వేసి వెళ్లు.