కొనన మరను పట్టు కోల: టీకా తాత్పర్య సహితం

అవతారిక

శాస్త్రానికి వ్యాఖ్య రాయబూనినవారు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని మొదటనే నిరూపించాలని పెద్దల నియమం. ఇక్కడ విషయం, ఆరుపలకల గుంట ఉన్న స్క్రూను తన కొసతోనే పట్టి ఉంచే ఎలెన్ కీ. ప్రయోజనం, ఆ స్క్రూ దారిలో జారిపోకుండా తన రంధ్రానికి చేరడం. సంబంధం, కీకీ గుంటకూ మధ్య ఉండే వెంట్రుకవాసి సందు. అధికారిని గురించి మాత్రం కొంత విచారించాలి. బల్ల మీద, దీపం కింద, గుంట పైకి తిరిగి ఉన్న స్క్రూను బిగించేవాడు ఈ శాస్త్రానికి అధికారి కాడు, ఎందుకంటే అతని స్క్రూ తన బరువుతోనే రంధ్రం మీద నిలుస్తుంది, అతనికి ఏ కీ అయినా ఒకటే. ఇంజను వెనక సందులోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, కంటికి కనపడని రంధ్రంలోకి కింది నుంచి స్క్రూను ఎక్కించవలసినవాడు, రెండో చేత్తో టార్చిలైటు పట్టుకున్నవాడు, ఆ లైటు పట్టడానికి ఇంకో మనిషి దొరకనివాడు అధికారి. ఈ పద్యానికి కర్త పేరు లేదు. చేతి మసి మాత్రం ప్రతి పాదంలోనూ కనిపిస్తుంది.

మూలం (ఆటవెలది)

కొనన మరను పట్టు కోల గుర్తెరుగుము
జారి పడిన మరను జాము వెదుక
నేల నవ్వు గాదె నిను జూచి మేస్త్రియు
తిట్టు తినక ముందె తెలిసి కొనుము

ప్రతిపదార్థం

కొనన = కొసయందు; మరను = మరమేకును, అనగా స్క్రూను; పట్టు = జారనీయక నిలుపునట్టి; కోల = పుల్లను, అనగా ఎలెన్ కీని; గుర్తెరుగుము = ఆనవాలు పట్టుము; జారి పడిన = పట్టు తప్పి క్రిందపడినట్టి; మరను = ఆ స్క్రూను; జాము = మూడు గంటల కాలము; వెదుక = వెదకుచుండగా; నిను జూచి = నిన్ను చూచి; నేల = భూమి; నవ్వు గాదె = నవ్వును గదా; మేస్త్రియు = మేస్త్రి సైతము; తిట్టు తినక ముందె = తిట్లు తినుటకు పూర్వమే; తెలిసి కొనుము = గ్రహింపుము, లేదా తెలిసి వెల ఇచ్చి తీసుకొనుము.

తాత్పర్యం

ఓయీ! స్క్రూను కొసతో పట్టుకొను కీ ఏదో ఎరిగియుండుము. పడిపోయిన స్క్రూకై మూడు గంటలు నేల తడుముకొనుచుండగా ఆ నేలయే నిన్ను చూచి నవ్వును. మేస్త్రి నోట మాట పడకముందే తెలివి తెచ్చుకొనుమని భావము.

వ్యాఖ్య

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆ మహావ్యాఖ్యాత ఊరు నేటి మెదక్ జిల్లా కొల్చారమని ప్రసిద్ధి. ఆయన ఎన్నడూ కీ కొనలేదు గనుక, ప్రస్తుత వ్యాఖ్య మొదటి నియమాన్ని కొంత సడలించుకొంటుంది.

‘కోల’ అనే పదంతో మొదలుపెట్టడం సముచితం. ఎల్ ఆకారంలో వంచిన ఆరుపలకల ఉక్కు పుల్లకు తెలుగునాట కర్మశాలల్లో ఎలెన్ కీ, అలెన్ కీ, ఎల్లెన్ కీ, ఎల్‌ఎన్ కీ అని పాఠాంతరాలున్నాయి. వీటిలో చివరిది అపపాఠమే అయినా దుకాణాల చీటీల మీద అదే స్థిరపడింది. పుల్ల వంపు చూస్తే ఎల్ అక్షరం సార్థకమే అనిపిస్తుంది, ఎన్ అక్షరాన్ని సమర్థించడం మాత్రం ఏ వైయాకరణుడికీ సాధ్యం కాదు. అసలు రూపం ఒక మనిషి ఇంటిపేరు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌కు చెందిన విలియం జి. ఆలెన్, స్క్రూ తలలో ఆరుపలకల గుంటను చల్లని లోహం మీదనే అచ్చుతో అదిమి చేసే పద్ధతికి 1910లో పేటెంటు పొందాడు; ఆయన సంస్థ అమ్మిన స్క్రూకు ఆయన పేరు వచ్చింది, స్క్రూ పేరు కీకి పాకింది. జర్మనులు దీన్నే ఇన్‌బుస్ అంటారు. అది లోపలి ఆరుపలకలు అనే అర్థమున్న జర్మన్ మాట తొలి అక్షరాలకు బావర్, షౌర్టె అనే తయారీదారుల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి కట్టిన మాట. ఇటలీవారికి ఇది బ్రూగొలా, అదీ ఒక తయారీదారు ఇంటిపేరే. ఈ మూడు చోట్లా ఈ పుల్లకు అమ్మినవాడి పేరు అంటుకోక తప్పలేదు. కవి ‘కోల’ అనే అచ్చతెనుగు మాట వేసి ఆ తగాదాలన్నిటి నుంచి తప్పుకొన్నాడు.

‘మర’ శబ్దానికి యంత్రమనే అర్థం కూడా ఉంది. పిండిమర, మరబియ్యం అందుకు సాక్ష్యం. ఆ అర్థం తీసుకొంటే కొసమీద యంత్రాన్నే నిలిపే కీ కావాలని వస్తుంది. అటువంటిది రాణీగంజ్ పనిముట్ల బజారులో ఏ దుకాణంలోనూ దొరకదు గనుక ఇక్కడ మర అంటే మరమేకు అనే గ్రహించాలి.

ఇక ‘కొనన’. కీకి కొనలు రెండు, పొడుగు చేతికి ఒకటి, పొట్టి చేతికి ఒకటి. కవి ఏకవచనం వేశాడంటే రెండూ సమానం కావని అతనికి తెలుసు. మంచి కీలలో పొడుగు చేతి కొస గుండ్రటి ముక్కుగా, మెడ సన్నగా ఉంటుంది. ఈ గుండుముక్కును 1964లో అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన బాండస్ సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. దానివల్ల కీని నిటారుగా కాక సుమారు 25 డిగ్రీల దాకా పక్కకు వాల్చి కూడా తిప్పవచ్చు. అయితే సన్నని మెడకు బలం తక్కువ. ఆఖరి బిగింపు కూడా దానితోనే బిగించబోతే ముక్కు విరిగి గుంటలోనే ఉండిపోతుంది, అప్పుడు స్క్రూ పోయినందుకు కాక పోనందుకు ఏడవవలసి వస్తుంది. అందుచేత మర పట్టించడం గుండుముక్కుతో, బిగించడం పొట్టి చేతి మొండికొసతో అని విభాగం. పట్టి ఉంచే ఏర్పాటు సాధారణంగా గుండుముక్కు వైపే ఉంటుంది గనుక ఏకవచనం సమర్థనీయం.

స్క్రూ అసలెందుకు పడుతుంది? కీ గుంటలో దూరాలంటే కీ కన్నా గుంట కాస్త పెద్దదిగా ఉండక తప్పదు. ఎం6 స్క్రూకు కావలసినది 5 మిల్లీమీటర్ల కీ. ఆ కీ 5.00 మించకూడదు, ఆ గుంట 5.02 నుంచి 5.14 వరకూ ఉండవచ్చునని ప్రమాణం. కాగితమంత పలచని ఆ సందే స్క్రూకు స్వాతంత్ర్యం. కీని కిందికి తిప్పగానే స్క్రూ ఆ స్వాతంత్ర్యాన్ని వాడుకొంటుంది. కీ అరిగి, గుంట కూడా పాతదైతే చెప్పనక్కరలేదు. అంగుళాల కీని మిల్లీమీటర్ల గుంటలో పెట్టడం మరొక ప్రమాదం. 5/32 అంగుళం అంటే 3.97 మిల్లీమీటర్లు, అది 4 గుంటలో ఇంచుమించు సరిపోయి మనిషికి ధైర్యమిస్తుంది; ఆ ధైర్యంతోనే అతడు 2.38 మిల్లీమీటర్లుండే 3/32 కీని 2.5 గుంటలో పెట్టి తిప్పి, మూలలు అరగదీసి, గుంటను గుండ్రం చేస్తాడు.

‘పట్టు’ అన్నది ఈ పద్యానికి ప్రాణపదం. పట్టుకొనేది ఎవరు, పట్టుబడేది ఎవరు అనే చర్చలో వైష్ణవాచార్యులు రెండు న్యాయాలు చెప్పారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరచుకొని ఉంటుంది, అది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన ఏ ప్రయత్నమూ చేయదు, తల్లే నోట కరచుకొని పోతుంది, అది మార్జాలకిశోర న్యాయం. గుంటలో చిటికెడు గ్రీజు కూరి కీకి అంటించే పాత పద్ధతిలో స్క్రూ కోతిపిల్ల. గ్రీజు గట్టిగా ఉన్నంతసేపే దాని భక్తి. రోహిణీ కార్తెలో విజయవాడ ఆటోనగర్ రేకుల షెడ్డు కింద గ్రీజు పలచబడగానే పిల్ల తల్లిని వదిలేస్తుంది. గ్రీజుకు బదులు పాలిథీన్ సంచి ముక్కనో పలచని కాగితాన్నో కొసకు చుట్టి గుంటలోకి అదిమితే సందు నిండి స్క్రూ నిలుస్తుంది. ఇదే ఈ వ్యాఖ్యాతకు గ్రీజు కన్నా సమ్మతం, ఖర్చు లేదు, చేతులు పాడు కావు. కాగితం గుంటలో ఇరుక్కొంటే తీయడానికి గుండుసూది కావాలన్నది ఒక్కటే లోపం.

మార్జాల పక్షంలో మూడు మతాలున్నాయి. మొదటిది అయస్కాంత మతం. గట్టి ఉక్కు ఒకసారి అయస్కాంతమైతే ఆ గుణాన్ని తొందరగా వదలదు. పాత లౌడ్‌స్పీకరు వెనకనున్న అయస్కాంతం మీద కీ కొసను ఒకే దిశలో ఇరవైసార్లు రుద్దితే చాలు, చిన్న ఇనుప స్క్రూను మోస్తుంది. ఇంత సులభం గనుకనే ఈ మతానికి అనుచరులెక్కువ, ఇంత సులభం గనుకనే దీనిని ఎక్కువ డబ్బు పెట్టి కొనడం అవివేకం. దోషాలు మూడు. ఇనుప గోడల మధ్యగా కొసను దించుతుంటే స్క్రూ తన రంధ్రానికి పోక దారిలో గోడకు అతుక్కుంటుంది. మేజా మీది ఇనుప రజను కొసకు పట్టి గుంటలో చేరి, కీని పూర్తిగా దిగనివ్వదు. సగం దిగిన కీ మూలలను తినేస్తుంది. అన్నిటి కన్నా పెద్ద దోషం, సామాన్య స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూను అయస్కాంతం లెక్కచేయదు. ఇత్తడి, అల్యూమినియం, టైటానియం స్క్రూల మాటా అంతే. సైకిలుకు నీళ్లసీసా పట్టీ బిగించే ఎం5 స్క్రూ తుప్పు పట్టకూడదని తరచు స్టెయిన్‌లెస్‌తోనే చేస్తారు. వానలో రోడ్డు పక్కన దాన్ని బిగించేవాడికి అయస్కాంతపు కీ ఒట్టి పుల్లతో సమానం.

రెండవది కంకణ మతం. గుండుముక్కు చుట్టూ ఒక గాడి తీసి, అందులో చీలిక ఉన్న సన్నని స్ప్రింగు ఉంగరాన్ని తొడుగుతారు. ముక్కు గుంటలోకి పోయేటప్పుడు ఉంగరం ముడుచుకొంటుంది, పోయాక విచ్చుకోవాలని గుంట గోడలను లోపలి నుంచి తోస్తుంది. ఆ తోపుడులోని ఒరిపిడే పట్టు. పెట్టేటప్పుడు వేలికి చిన్న ‘టిక్కు’ తెలుస్తుంది, తీసేటప్పుడు కొంచెం లాగవలసి వస్తుంది. జర్మనీకి చెందిన వీహా సంస్థ దీన్ని మ్యాజిక్ రింగ్ అని అమ్ముతుంది. లోహమేదైనా ఈ మతానికి అభ్యంతరం లేదు, ఇదే దీని గొప్ప. ఉంగరం కాలక్రమాన సాగుతుంది. ఊడి పడిందంటే అది స్క్రూ కన్నా చిన్నది గనుక దాని కోసం జాము చాలదు, రెండు జాములు. మరీ చిన్న కీలలో, 1.5 మిల్లీమీటర్ల వంటి వాటిలో, గాడికి చోటే ఉండదు.

మూడవది లేపన మతం. కొస మీద గట్టి పదార్థాన్ని అతికించి, కీకీ గుంటకూ మధ్యనున్న సందునే నింపడం దీని సిద్ధాంతం. బాండస్ వారి ప్రోహోల్డ్ ఈ కోవలోది. పాలిథీన్ ముక్క చేసే పనినే ఇది శాశ్వతంగా చేస్తుందని గ్రహించినవారికి ఈ మతం ప్రాచీనమేనని తోస్తుంది. స్ప్రింగు మీద చిన్న ఉక్కు గుండును కొస పక్కన అమర్చడం ఇంకొకటి ఉంది గాని అది కంకణ మతంలోనే అంతర్భవిస్తుంది.

ఇక్కడ అతివ్యాప్తి దోషం ఒకటి పరిహరించాలి. వేరా అనే సంస్థ వారి హెక్స్ ప్లస్ వంటి కీలలో పలకల ఆకారాన్ని కొంచెం మార్చి, బలం గుంట మూలల మీద కాక గోడల మీద పడేలా చేస్తారు. గుంట చెడకుండా కాపాడటం దాని పని, స్క్రూను మోయడం కాదు. పెట్టె మీద పెద్ద అక్షరాలు చూసి రెండూ ఒకటేనని భ్రమించి కొన్నవాడు ఇంటికి వచ్చి కీని తలకిందులు చేయగానే సత్యం తెలుసుకొంటాడు.

పూర్వపక్షం: వేళ్లతో స్క్రూను రెండు చుట్లు తిప్పి, మర పట్టాకే కీ పెట్టవచ్చు గదా, ఈ ఆడంబరమెందుకు? సమాధానం: వేళ్లు పోయే చోట ఈ శాస్త్రమే అక్కరలేదని అవతారికలోనే చెప్పబడింది.

‘నేల నవ్వు గాదె’ అన్నచోట నేలకు నవ్వును ఆరోపించడం కవిసమయం కాదు, అనుభవం. గచ్చు మీద పడ్డ స్క్రూ మూడుసార్లు ఎగిరి ‘టింగు టింగు టింగు’ మని, ఆ తరవాత మౌనం వహిస్తుంది. ఆ మూడు శబ్దాలే నవ్వు, మౌనం దాని ఫలితం. నేల మీద పడితే అదీ ఒక అదృష్టమే. యంత్రం పొట్టలో పడితే శబ్దం కూడా రాదు.

‘మేస్త్రియు’ అనే పదం గడప మీద దీపంలా రెండు వైపులా వెలుగునిస్తుంది, దీనినే దేహళీదీప న్యాయమంటారు. వెనక్కి అన్వయిస్తే మేస్త్రి కూడా నవ్వుతాడని, ముందుకు అన్వయిస్తే మేస్త్రి తిడతాడని అర్థం. మేస్త్రి నవ్వడం లోకంలో చూడనిది గనుక రెండో అన్వయమే బలీయం.

‘తెలిసి కొనుము’ శ్లేష. కలిపి చదివితే గ్రహించుమని, విడదీస్తే తెలుసుకొని అప్పుడు కొనుమని. రెండో అర్థంలో కవి హెచ్చరిక స్పష్టం. సెట్టులో మామూలుగా 1.5 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా తొమ్మిది కీలుంటాయి. వాటిలో కొసన పట్టు నిజంగా అవసరమయ్యేవి 2.5, 3, 4, 5, అంటే ఎం3 నుంచి ఎం6 వరకు ఉన్న స్క్రూలవి. ఎం10 బోల్టుకు వాడే 8 కీకి ఉంగరం తొడగడం ఏనుగుకు ముక్కుపుడక పెట్టడమే, ఆ బోల్టును ఎలాగూ చేత్తోనే పట్టుకొంటారు. ఇనుప స్క్రూలతోనే పనిచేసేవారు ఉన్న కీలనే లౌడ్‌స్పీకరు మీద రుద్దుకొంటే చాలు. స్టెయిన్‌లెస్‌తో పనిపడేవారు ఆ నాలుగు సైజులను కంకణ మతంలోనో లేపన మతంలోనో విడిగా కొనుక్కోవాలి. దుకాణానికి పోయేటప్పుడు జేబులో ఒక స్టెయిన్‌లెస్ ఎం5 స్క్రూ వేసుకొని పోవాలి, దాన్ని 4 కీ కొసకు తగిలించి, తలకిందులు చేసి, అమ్మేవాడి కళ్లెదుటే రెండుసార్లు విదిలించాలి. పడితే స్క్రూను ఏరుకొని పక్క దుకాణానికి నడవాలి.