మర ఏదైతేనేం, తిప్పండి!

బండి విప్పి మళ్ళీ బిగించేసరికి ఒక బోల్టు తక్కువ పడుతుంది. ఇది లోకరీతి. పాత డబ్బా గుమ్మరిస్తే ఎక్కడిదో తెలియని బోల్టొకటి దొరుకుతుంది. దాని మర ఏదో తేల్చుకోవాలనుకునేవారికి ఈ సలహాలు. పాటిస్తే మీ పని చప్పున తెములుతుంది, వీధి చివర మెకానిక్కుకూ పని దొరుకుతుంది.

ముందు పానా పెట్టి చూడండి. 13 నంబరు పానా పట్టిందా? ఇంకేం, అది 13 ఎంఎం బోల్టే. హార్డ్‌వేర్ షాపుకెళ్ళి "అన్నా, 13 బోల్టొకటియ్యి" అని ధీమాగా అడగండి. "అది తల కొలత సార్, బోల్టు ఎం8 అయ్యుంటది. పాతది తెచ్చారా?" అంటాడు. పాతది ఇంట్లో వదిలెళ్ళడమే క్షేమం. తీసుకెళ్తే అక్కడికక్కడే నట్టు ఎక్కించి చూపించేస్తాడు, మన మాట చెల్లదు.

తల మీద 8.8 అని అచ్చుంటే మరీ సులువు, వ్యాసం 8.8 మిల్లీమీటర్లని రాసేసుకోండి. అది బలం గుర్తనీ, చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడుకు తట్టుకుంటుందనీ చదువుకున్నవాళ్ళు అంటుంటారు. అంకెలకు బదులు మూడు గీతలుంటే అమెరికా అంగుళాల బోల్టేమోనని అనుమానించాలట. ఆకురాయితో ఆ గీతలు అరగదీయండి, అనుమానం కూడా పోతుంది.

వెర్నియర్ వాడక తప్పదంటే మర పైన వ్యాసం ఒక్కటే కొలిచి ఊరుకోండి. 7.85 చూపించిందనుకోండి. ఎం8 బోల్టు కొత్తదైనా నిండా 8 ఉండదు, పిసరంత తక్కువగానే చేస్తారు. 5/16 అంగుళమంటే 7.94. అదీ పిసరంత తక్కువే ఉంటుంది. కాబట్టి ఈ 7.85 రెండింటిలో ఏదైనా కావచ్చు. ఇలాంటి చోట రూపాయి బిళ్ళ ఎగరేయడమే శాస్త్రీయం.

చాదస్తులు అక్కడితో ఆగరు. ఒక మర మొన నుంచి లెక్కపెట్టుకుంటూ పదకొండో మొన దాకా వెర్నియర్ చాపి, వచ్చినదాన్ని పదితో భాగిస్తారు. ఒక్క మరనే కొలిస్తే చేతి వణుకు కూడా లెక్కలో కలుస్తుందని వాళ్ళ భయం. 12.5 వస్తే ఎం8లో మామూలు మర, పిచ్ 1.25. సరిగ్గా 10 వస్తే ఎం8లోనే సన్న మర. 14.1 వస్తే అంగుళానికి 18 మరలుండే 5/16. వ్యాసంలో అంతుచిక్కని తేడా ఇలా ఒకటిన్నర మిల్లీమీటరుకు పైగా బయటపడిపోతుంది. ఇంత తొందరగా తేలిపోతే ఆదివారం ఎలా గడుస్తుంది చెప్పండి? ఒక్క మరనే కొలవండి, అదీ స్కేలుతో, వీలైతే కరెంటు పోయినప్పుడు.

పిచ్ గేజ్ అని పళ్ళ రేకుల కట్ట ఒకటి అమ్ముతారు. రేకును మరకు ఆనించి వెలుతురుకు పట్టి, సందు కనబడని రేకు ఏదో చూసుకోవాలి. కొనకండి, ఇంట్లో దువ్వెన ఉంది కదా.

పాత ఇంగ్లిష్ లేతు బోల్టయితే కోణం గొడవ కూడా ఉంది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలన్నాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 అన్నాడు. అర అంగుళం బోల్టుకు విట్‌వర్త్ లెక్కలో అంగుళానికి 12 మరలు, అమెరికా లెక్కలో 13. ఒక్క మర కోసం దొరలు దొరలు పడ్డ తగువు మనకెందుకు?

కుళాయి దగ్గర మాత్రం కొలతనే నమ్మండి. అర అంగుళం పైపు మర బయటి వ్యాసం దాదాపు 21 మిల్లీమీటర్లుంటుంది. షాపులో 21 ఎంఎం కుళాయి కావాలని పట్టుబట్టండి. నవ్వితే పక్క షాపుకెళ్ళండి.

ఇక బిగింపు. తప్పు బోల్టు కూడా మొదటి రెండు మూడు చుట్లు వేళ్ళతోనే ఎక్కుతుంది. తర్వాత పట్టేస్తుంది. పట్టేసిందంటే మర కుదిరిందన్నమాటే! పానాకు గొట్టం తొడిగి, కాలు ఆనించి తిప్పండి. ఇంజిను అల్యూమినియం కాబట్టి అట్టే మొరాయించదు. కాసేపటికి ఒక్కసారిగా వదులై, వెండి పోగుల్లాంటివి రాలతాయి. కంగారు పడకండి. రంధ్రం పెద్దది చేయించి ఎం10 మర కోయించండి. అదీ పోతే ఎం12. అంచు దగ్గర గోడ పగిలిపోయాక ఇక ఏ మర అన్న ప్రశ్నే రాదు.