17 శాతం తృప్తి

ఉద్యోగంలో తృప్తి లేదని ఏడ్చేవాళ్ళకు ఉచిత సలహా: క్వాలిటీలోకి మారిపోండి. సరుకు చేసేవాడికి రాత్రి నిద్రుండదు, అమ్మేవాడికి పగలు పరువుండదు. తప్పు పట్టేవాడికి రెండూ ఉంటాయి, పైగా ఒకటో తారీఖున జీతం.

మా నేలకొండపల్లి కుర్రాడొకడు హైదరాబాదులో ప్రొడక్షన్ వదిలి క్వాలిటీ మేనేజరయ్యాడు. ఇదివరకు మిషను ఆగితే వాణ్ణి తిట్టేవారు. ఇప్పుడు మిషను ఆపేదీ వాడే, తిట్టేదీ వాడే. "పనికి అర్థం దొరికింది బాబాయ్" అంటాడు. దొరకదూ మరి!

వాడి గదిలో డెమింగ్ ఫొటో ఉంటుంది. 1950లో జపాను వాళ్ళకు నాణ్యత పాఠాలు చెప్పిన అమెరికా పెద్దాయన. ఫొటో పక్కనే ఎర్రక్షరాల బోర్డు: 'లోపం సున్నా, లక్ష్యం నూరు'. పనివాళ్ళ మీద నినాదాలు రుద్దకండి, వాళ్ళలో భయం పోగొట్టండి అని ఆయన 14 సూత్రాల్లోనే ఉంది. ఫొటో తగిలించినవాడు సూత్రాలు కూడా చదవాలని ఐఎస్‌ఓ 9001 ఎక్కడా పట్టుబట్టలేదు లెండి.

ఆడిట్ మా ఊరికి కొత్తేం కాదు. ఇక్కడే పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. గుడిలో లోపం పట్టినవాడు లేడు. సర్కారు సొమ్ముకు అనుమతి కాగితం లేదన్నారు. గోల్కొండ చెరలో 12 ఏళ్ళు. ఏ నగకు ఎంతయిందో కీర్తనలోనే లెక్క అప్పజెప్పాడు పాపం. చివరికి రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు కట్టి రసీదు పుచ్చుకున్నారని కథ. నయం, అప్పుడు మావాడు లేడు. ఉంటే, 'చెల్లింపు ఆఫీసు వేళల్లో జరగలేదు' అని ఆ రసీదు మీద కూడా ఎర్రసిరాతో రాసేవాడు.

రంగు చాలదనీ తాలుకాయ కలిసిందనీ మిర్చికి ధర కొయ్యడం ఖమ్మంలో పాత విద్యే. 2017 ఏప్రిల్‌లో ధర మరీ పడిపోయి యార్డులో రైతులు తిరగబడ్డారు. మే నెలలో వాళ్ళను బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్ళారు. ఆ బేడీల నాణ్యత మాత్రం ఎవరూ పరీక్షించలేదు.

మొన్న యాసంగి కోతలప్పుడు మావాడు ఊరొచ్చాడు. వాళ్ళ నాన్న వడ్లు కొనుగోలు కేంద్రంలో పడున్నాయి. నిబంధన ప్రకారం తేమ 17 శాతం దాటకూడదు, మట్టీ రాళ్ళూ ఒక శాతం మించకూడదు. ఇందులో తప్పేం లేదు, తినేది మనమే. మిషను 18 చూపించింది. మావాడు పులకించిపోయి టయోటా వాళ్ళ 'ఐదు ఎందుకులు' మొదలుపెట్టాడు. వడ్లు ఎందుకు తడిశాయి? వాన పడింది. వాన దాకా కుప్ప ఎందుకుంది? కాంటా కాలేదు. ఎందుకు కాలేదు? నింపిన బస్తాలే కదలక చోటు లేదు. ఎందుకు కదల్లేదు? లారీలు మిల్లు ముందే ఆగిపోయాయి. మిల్లు ఎందుకు దించుకోలేదు? సరిగ్గా ఐదో ఎందుకు దగ్గర కేంద్రం ఆయనకు ఫోనొచ్చింది. పక్కకెళ్ళి మాట్లాడొచ్చి రిజిస్టరులో రాసుకున్నాడు: రైతు సరిగా ఆరబెట్టలేదు.

మావాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఈ మిషనుకు క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఏదండీ?" అన్నాడు. సర్వీసులో ఇంత చక్కటి ప్రశ్న వాడెన్నడూ అడిగి ఉండడు.

"వడ్లు తెచ్చినోళ్ళు వడ్ల సంగతే మాట్లాడాలి సారూ" అన్నాడాయన, చాలా మర్యాదగా.

వాళ్ళ నాన్న కొడుకు చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "ఊరుకోరా అయ్యా! బస్తాకు రెండు కిలోలు ఎక్కువ తూగనిస్తే తేమ అదే దిగుద్ది."